మూసీలో గాలం వేయొచ్చా? చెరువులో చేప ఎవరిది? ఆదివారం బయల్దేరే ముందు ఇవి తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన ఫిషింగ్ రాడ్ ఇంటికి వచ్చేసింది. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశారు. ఆదివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీ నగర్‌లోనో బండి తీసి, విజయవాడ హైవే మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్లాలని ప్లాన్. అటు ఏదో ఒక చెరువు ఉంటుంది, లేదంటే మూసీ ఉండనే ఉంది. ఒడ్డున కూర్చుని గాలం వేస్తే ఎవరు అడ్డుకుంటారు అనుకుంటున్నారా?

అడ్డుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ హక్కు కూడా ఉంది. కట్ట మీద గొడవ, పోలీస్ స్టేషన్‌కు ఫోన్, ‘మేం సరదాకే వచ్చాం అన్నా’ అనే వివరణ... ఇదంతా తప్పాలంటే నీళ్లు ఎవరివి, చేపలు ఎవరివి, ఒడ్డు ఎవరిది అనే మూడు విషయాలు ముందే తెలిసి ఉండాలి. చాలామంది ఈ మూడింటినీ కలిపి ‘గవర్నమెంట్‌దే కదా’ అనేస్తారు. గొడవలు మొదలయ్యేది అక్కడే.

నీళ్లు ప్రభుత్వానివైతే చేపలు అందరివీ కావా?

కావు. చెరువు ప్రభుత్వానిదే అయినా, అందులో చేపలు పట్టుకునే హక్కు వేరు. ఆ హక్కును విడిగా లీజుకు ఇస్తారు. తెలంగాణలో కొన్ని చెరువులు మత్స్యశాఖ పరిధిలో, మరికొన్ని స్థానిక సంస్థల పరిధిలో ఉంటాయి. ఎవరి పరిధిలో ఉన్నా సాధారణంగా చేపల హక్కు ఆ ఊరి మత్స్య పారిశ్రామిక సహకార సంఘానికే దక్కుతుంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఎక్కువగా సభ్యులుగా ఉండే ఈ సంఘాలను ఊళ్లలో అందరూ ‘సొసైటీ’ అనే పిలుస్తారు.

చేపలు పట్టుకుని తీసుకెళ్లే హక్కు ఉత్త అనుమతి కాదు, అది ఒక ఆస్తి హక్కు. ఈ మాటను సుప్రీంకోర్టు 1955లోనే చెప్పింది. ఒడిశాలోని చిలికా సరస్సు చేపల హక్కులపై వచ్చిన కేసులో, ఇలాంటి హక్కు స్థిరాస్తి నుంచి వచ్చే ప్రయోజనం కిందికి వస్తుందని తేల్చింది. అంటే చెరువును లీజుకు తీసుకున్న సొసైటీ దృష్టిలో మీరు వేసే గాలం, ఒకరి తోటలోకి వెళ్లి మామిడికాయలు కోయడం లాంటిదే.

అసలు ఆ చేపలు ఎక్కడి నుంచి వచ్చాయి?

చాలా చెరువుల్లో మీ గాలానికి పడే పెద్ద చేప దానంతట అది పుట్టి పెరిగింది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచిత చేప పిల్లల పంపిణీ పథకం అమలు చేస్తోంది. వానలకు చెరువులు నిండాక బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ రకాల పిల్లలను వదులుతారు. సంఘం సభ్యులు నెలల తరబడి కాపలా కాస్తారు. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక వలలు వేసి పడతారు. అమ్మగా వచ్చిన డబ్బును సభ్యులు పంచుకుంటారు. ఆ కుటుంబాలకు ఏడాదిలో చేతికొచ్చే పంట అదే.

ఒక ఆదివారం ఇద్దరు ఫ్రెండ్స్ వచ్చి రెండు కిలోల చేపలు పట్టుకుపోతే నష్టం చిన్నదే అనిపించవచ్చు. కానీ నగరం అంచున ఉన్న చెరువుకు ప్రతి ఆదివారం అలాంటి ఇద్దరు కాదు, ఇరవై మంది వస్తారు. కట్ట మీద కాపలా మనిషి మిమ్మల్ని చూడగానే ఎందుకు కేకలేస్తాడో ఈ లెక్కతో అర్థమవుతుంది.

పట్టుబడితే కేసు అవుతుందా?

ఇక్కడ చట్టం రెండు రకాల నీళ్లకు తేడా చూపిస్తుంది. పారే నదిలో స్వేచ్ఛగా తిరిగే చేప పట్టుబడేవరకు ఎవరి స్వాధీనంలోనూ లేనట్టే. అదే నలువైపులా హద్దులున్న చెరువులోనో, కుంటలోనో పెంచుతున్న చేప, ఆ నీటిపై హక్కున్నవారి స్వాధీనంలో ఉన్నట్టు లెక్క. కాబట్టి అనుమతి లేకుండా దాన్ని పట్టుకుంటే దొంగతనం ఫిర్యాదుకు అవకాశం ఉంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి సంబంధించినది 303వ సెక్షన్. గరిష్ఠంగా మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. సొత్తు విలువ 5 వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవారు దాన్ని తిరిగి ఇచ్చేస్తే, శిక్షగా సమాజ సేవ చేయించే వీలు కూడా ఈ సెక్షన్‌లో పెట్టారు. ప్రతి గాలం కేసూ కోర్టు దాకా వెళ్తుందని కాదు. చాలావరకు కట్ట మీదే మందలించి పంపిస్తారు. కానీ ఉద్యోగం, పాస్‌పోర్ట్, వీసా పనుల్లో ఉన్నవాళ్లు రెండు కిలోల చేప కోసం ఎఫ్‌ఐఆర్ దాకా తెచ్చుకోవడం ఎందుకు?

అలాగని సొసైటీ వాళ్లకు అన్ని అధికారాలూ ఉన్నాయని కాదు. మిమ్మల్ని ఆపమని చెప్పొచ్చు, పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. కొట్టడానికి, మీ బండి తాళాలో ఫోనో లాక్కోవడానికి, రసీదు లేకుండా ‘ఫైన్’ వసూలు చేయడానికి వాళ్లకు హక్కు లేదు. పరిస్థితి చేయి దాటుతుంటే వాదనకు దిగకుండా 100కు గానీ, 112కు గానీ ఫోన్ చేయండి.

మూసీ నది కదా, అక్కడైతే ఇబ్బంది లేదా?

అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో గౌరెల్లి, బాచారం, కుత్బుల్లాపూర్, తారామతిపేట వైపు మూసీ పారుతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది, నగరం మధ్య నుంచి నాగోల్ దాటి ఇటు వచ్చి, చివరికి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది ప్రభుత్వానిది. నదుల వంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో చెప్పింది. దాన్ని బట్టి ఎవరైనా ఎక్కడైనా గాలం వేయొచ్చని మాత్రం అర్థం కాదు. నదుల మీదా, రిజర్వాయర్లలోనూ చేపల వేటను నియంత్రించే అధికారం రాష్ట్రానిదే. సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులో వల వేసి బతికే మత్స్యకారులకు హక్కులు, లైసెన్సుల పద్ధతి ఉన్నాయి. అలాంటి చోట్ల బయటివారు ముందుగా అడిగే తీరాలి.

ఇంకో చిక్కు ఒడ్డు దగ్గర వస్తుంది. నది ప్రభుత్వానిదే అయినా, రోడ్డు నుంచి నది దాకా ఉన్నవి చాలాచోట్ల పట్టా పొలాలు. ఈ పట్టీలో పశువుల గడ్డి సాగు ఎక్కువ. గడ్డి మడులు తొక్కుకుంటూ నీళ్ల దగ్గరికి వెళ్లే హక్కు మనకు లేదు. బండ్ల బాట, వంతెన పక్క దారి లాంటి అందరూ వాడే తోవలోనే వెళ్లండి. పొలంలో మనిషి కనిపిస్తే ఒక మాట అడగండి.

సరే, మూసీలో పట్టిన చేప తినొచ్చా?

అసలు ప్రశ్న ఇదే. వద్దు.

నగరం దాటాక మూసీలో ఎండాకాలంలో కూడా నీళ్లు పారడానికి కారణం మన ఇళ్ల మురుగే. అంబర్‌పేట, నాగోల్ మురుగు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీరు, శుద్ధి కాకుండానే నాలాల్లో వచ్చి కలిసే నీరు రెండూ ఇటే వస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించినప్పుడు, హైదరాబాద్ నుంచి నల్గొండ వరకు ఉన్న మూసీని అత్యంత తీవ్రమైన మొదటి ప్రాధాన్య జాబితాలో చేర్చింది. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 104 దేశాల్లోని 258 నదుల్లో మందుల అవశేషాలను కొలిచింది. అవి ఎక్కువగా కనిపించిన నదుల్లో హైదరాబాద్ మూసీ కూడా ఉంది.

చేపల పెంపకానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక కొలత పెట్టింది. దాన్ని ‘డి’ తరగతి అంటారు. లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలి. అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. మురుగు చేరేకొద్దీ ప్రాణవాయువు పడిపోతుంది.

‘మరి చేపలు కనిపిస్తున్నాయి కదా’ అంటారా? తిలాపియా, మార్పు జాతి చేపలు మురికి నీళ్లను కూడా తట్టుకుంటాయి. మార్పు చేప నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. చేప బతికి ఉందంటే నీళ్లు బాగున్నాయని కాదు, అది మొండి చేప అని అర్థం. ఆ నీటిలోని భార లోహాలు చేప కండలో, కాలేయంలో పేరుకుంటాయి. వేపుడు చేసినా, పులుసు పెట్టినా అవి పోవు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే అసలే వద్దు. సరదాకు పట్టి వదిలేసినా, చేతికి గాయం ఉంటే ఆ నీళ్లు తగలనీయకండి. ఇంటికి వచ్చాక సబ్బుతో కడుక్కోండి.

గాలం వేటకు లైసెన్సు ఎక్కడ ఇస్తారు?

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యనో, కజిన్‌నో అడిగి చూడండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు దాటినవారు గాలం వేయాలంటే ఫోన్‌లోనే లైసెన్సు కొనుక్కుంటారు. స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి వేస్తే అదీ అక్కర్లేదు. ఏ చేప ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, రోజుకు ఎన్ని పట్టొచ్చు అన్నీ రాసి ఉంటాయి. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండితే రాడ్ లైసెన్సు ఉండాలి. అక్కడి నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని గాలం వేటకు విరామం ఇస్తారు. మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్, మహసీర్ కోసం వచ్చేవారికి మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది.

వారాంతపు సరదా కోసం ఫోన్‌లో తీసుకునే అలాంటి లైసెన్సు మన దగ్గర లేదు. మన నిబంధనలన్నీ చేపల మీద బతికేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తెలంగాణ ప్రాంతానికి వర్తించే మత్స్య చట్టం పేరులో ఇప్పటికీ 1318 ఫసలీ అనే ఉంటుంది. అంటే మన లెక్కలో 1908-09. మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన కాలం నాటి చట్టమన్నమాట. రాడ్, రీల్ పట్టుకుని వచ్చే నగరవాసి అప్పటివారి ఊహలో లేడు.

కాబట్టి ఇక్కడ అనుమతి అంటే ఆ నీటిపై చేపల హక్కు ఉన్నవారి అనుమతే.

అది ఎలా తీసుకోవాలి?

మొదట చెరువు దగ్గరికి వెళ్లి, ఊళ్లో అడగండి. ‘అన్నా, ఈ చెరువు ఏ సొసైటీ కింద ఉంది? అధ్యక్షుడు ఎవరు?’ అని అడిగితే టీ కొట్టు దగ్గరే చెప్తారు. అధ్యక్షుడితో నేరుగా మాట్లాడండి. ఎంతసేపు కూర్చుంటారు, ఎన్ని గాలాలు వేస్తారు, చేప పడితే వదిలేస్తారా, కిలో లెక్కన డబ్బు కట్టి తీసుకెళ్తారా అన్నవి ముందే తేల్చుకోండి. డబ్బు కడితే రసీదు అడగండి. కాపలా మనిషి చేతిలో వంద పెడితే అది అనుమతి కాదు. సాయంత్రం మరో సభ్యుడు వచ్చి అడిగితే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఊళ్లో సరైన సమాధానం రాకపోతే జిల్లా మత్స్యశాఖ అధికారి కార్యాలయంలో అడగండి. అబ్దుల్లాపూర్‌మెట్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది. మూసీ దాటి ఘట్‌కేసర్ వైపు వెళ్తే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఒడ్డు మారితే అడగాల్సిన ఆఫీసు కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి గ్రామాలు 2024లో మున్సిపాలిటీల్లో కలిశాయి. అంతకుముందు పంచాయతీ చూసుకున్న చెరువులకు ఇప్పుడు ఎవరు బాధ్యులో అడిగి తెలుసుకోవాలి.

రాతపూర్వకంగా కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు ప్రశ్నలు చాలు. ఈ చెరువు మత్స్యశాఖ పరిధిలోదా, స్థానిక సంస్థదా? చేపల హక్కు ఏ సంఘానికి, ఎప్పటివరకు ఇచ్చారు? బయటివారి గాలం వేటకు అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది?

ఇవన్నీ ఎందుకు అనుకుంటే, నగర శివార్లలో డబ్బు తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు చేపల కుంటలు ఉన్నాయి. గంటకు ఇంత, పట్టిన చేపకు కిలోకు ఇంత అని చెప్తారు. పిల్లలతో వెళ్లేవారికి, కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మంచి దారి.

అసలు వేయకూడని చోట్లు ఏవి?

జాతీయ పార్కులు, వన్యప్రాణి అభయారణ్యాల్లోని నీళ్లు. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు. వాకింగ్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన లోపలి కుంటల్లో గాలం వేయకూడదు. సంగారెడ్డి వైపు మంజీరా అభయారణ్యానికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ మొసళ్లు కూడా ఉంటాయి. కర్ణాటకలో కావేరి అభయారణ్యంలో మహసీర్ కోసం ఏళ్ల తరబడి నడిచిన గాలం క్యాంపులు సైతం వన్యప్రాణి చట్టం కారణంగానే ఆగిపోయాయి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లాంటి తాగునీటి జలాశయాల దగ్గర, సరూర్‌నగర్ లాంటి నగర చెరువుల దగ్గర అక్కడి బోర్డు ఏం చెప్తే అదే పాటించండి. బోర్డు లేదంటే అనుమతి ఉన్నట్టు కాదు.

ఏ పద్ధతిలో పడితే నేరం?

జిలెటిన్ స్టిక్స్ పేల్చడం పేలుడు పదార్థాల చట్టాల కింద తీవ్రమైన నేరం. విషం, బ్లీచింగ్ పౌడర్ లాంటివి నీళ్లలో కలపడం 1974 నాటి నీటి కాలుష్య నియంత్రణ చట్టం 24వ సెక్షన్‌ను ఉల్లంఘించడమే. కరెంటు తీగ తగిలించి నీళ్లలో వేస్తే చేపలతో పాటు మనుషులూ పోతారు. ఆ కరెంటు లైన్ నుంచి లాగింది అయితే విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద చౌర్యం కేసు అదనం. ఎవరైనా ఇలా చేస్తుంటే దగ్గరికి వెళ్లకుండా పోలీసులకు చెప్పండి.

గాలానికి తాబేలు పడిందా? మన చెరువుల్లో కనిపించే మెత్తటి డిప్ప తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంటికి తీసుకెళ్లడం, అమ్మడం, వండుకోవడం అన్నీ నేరాలే. దారం కత్తిరించి, వీలైతే గాలం జాగ్రత్తగా తీసి అక్కడే వదిలేయండి. లోపలికి దిగిపోతే మీరు లాగకండి, అటవీ శాఖకు కబురు పెట్టండి.

అక్వేరియం చేపలను చెరువులో వదలకండి. ‘డెవిల్ ఫిష్’ అంటున్న సక్కర్ చేప చెరువుల్లోకి చేరిన దారుల్లో అక్వేరియం తొట్టి ఒకటి. అది వలలను చింపేస్తుంది, మిగతా చేపల మేతను తినేస్తుంది. దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే దాన్ని మరో చెరువుకు మార్చకండి. సంఘం వాళ్లకు చూపించండి.

చివరగా, ప్రాణం సంగతి

వానాకాలంలో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ గంటల్లో స్వరూపం మారుస్తుంది. 2020 అక్టోబరులో చూశాం. 2025 సెప్టెంబరులో నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చాయి. నగరంలో వాన పడకపోయినా ఎగువన పడితే చాలు. గేట్లు ఎత్తినట్టు వార్త కనిపిస్తే ఆ రోజు నది వైపు వెళ్లకండి.

చెరువులకూ ఇదే జాగ్రత్త. మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు. మోకాలి లోతు అనుకుని దిగిన చోట రెండో అడుగుకు మనిషి లోతు ఉండొచ్చు. గాలం చిక్కుకుంటే దారం కోసేయండి. యాభై రూపాయల గాలం కోసం నీళ్లలోకి దిగొద్దు. తూము దగ్గర, మత్తడి మీద కూర్చోవద్దు. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున పడేయకుండా జేబులో వేసుకోండి. అది కొంగల కాళ్లకు, పశువుల నోటికి చుట్టుకుంటుంది.

బయల్దేరే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. చేపల హక్కు ఎవరిదో తెలిసిందా? వాళ్లను అడిగానా? ఒడ్డుకు దారి అందరిదేనా? ఈ నీటి చేపను ఇంట్లో వాళ్లకు పెట్టగలనా? నాలుగింటికీ అవును అనే సమాధానం వస్తే గాలం సర్దుకోండి. లేదంటే ఈ ఆదివారం ఉత్త చేతులతోనే వెళ్లి, సొసైటీ అధ్యక్షుడితో ఒక టీ తాగి రండి. వచ్చే ఆదివారం కట్ట మీద మిమ్మల్ని చూసి కేకలేసేవారు ఉండరు.